వీ స్పోర్ట్స్ బాక్సింగ్‌లో మ్యాట్: దాగి ఉన్నాడా, దాచారా?

ఊదారంగు_చొక్కా
మిత్రులకు నమస్తే. ఈ వేదికలో పాత క్రికెట్ గేముల మీద బోలెడు థ్రెడ్లున్నాయి, మ్యాట్ మీద మాత్రం ఒక్కటీ కనబడలేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం కాస్త నేపథ్యం. నింటెండో వీ కన్సోల్ అమెరికాలో 2006 నవంబర్ 19న విడుదలైంది. వీ స్పోర్ట్స్ దాని పెట్టెలోనే వచ్చేది (జపాన్‌లో విడిగా కొనుక్కోవాలి). టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్, మొత్తం ఐదు ఆటలు. 8 కోట్లకు పైగా కాపీలు జనం ఇళ్లకు చేరాయి. అందులో మనకు ఎదురుపడే కంప్యూటర్ బొమ్మలు సుమారు 60. వాళ్లలో ఒకడు మ్యాట్. చామనఛాయ, పొట్టిగా కత్తిరించిన జుట్టు, గడ్డం, ఊదారంగు చొక్కా.

బాక్సింగ్‌లో ప్రత్యర్థిని మనం ఎంచుకోలేం. జాబితా ఉండదు, ఎవరెవరు ఉన్నారో చెప్పే పేజీ కూడా లేదు. మన స్కిల్ పాయింట్లు చూసి గేమే ఒకరిని రింగులోకి పంపుతుంది. పాయింట్లు 1000 దాటితే మన పేరు పక్కన ప్రో అని పడుతుంది. మామూలు మనిషి అక్కడితో ఆట అయిపోయిందనుకుంటాడు. ఆ పైన కూడా గెలుస్తూ పోతే ఒకరోజు మ్యాట్ వస్తాడు. వస్తున్నాడని ముందుగా ఒక్క ముక్క కూడా ఉండదు. గంట కొట్టగానే తేడా అర్థమవుతుంది. అప్పటిదాకా మన గుద్దులకు తల అడ్డం పెట్టిన బొమ్మలు వేరు, వీడు వేరు.

నా ఉద్దేశంలో స్పోర్ట్స్ గేముల్లో దాగి ఉన్న ప్రత్యర్థి అంటే ఇతనే. రహస్య బటన్లతోనో కోడ్‌తోనో కాదు, మన ఆటతోనే తలుపు తీయించుకున్నాడు. మీరేమంటారు?

నైజాం_గేమర్
అన్నా, మ్యాట్ అంటే నాకూ ప్రాణమే, కానీ దాగి ఉన్నాడు అనే మాట ఒప్పుకోను. ప్రోగ్రాం వైపు నుంచి చూస్తే అతనికి ఒక ముఖం, ఒక ఇష్టమైన రంగు, ఒక్కో ఆటకు ఒక స్కిల్ స్థాయి ఉంటాయి. మొదటి మ్యాచ్‌లో వచ్చే బొమ్మకూ అవే ఉంటాయి. తేడా అంతా ఆ స్థాయిలోనే. మన పాయింట్లు ఆ దరిదాపుల్లోకి వెళ్తే అతను ఎదురొస్తాడు. నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చున్నవాణ్ని దాక్కున్నాడు అనం కదా.

ఇతనికి గేమ్ ఒరగబెట్టింది కూడా ఏమీ లేదు. ప్రత్యేక సంగీతం లేదు, డైలాగ్ లేదు. గెలిచాక ముగింపు సన్నివేశమూ లేదు. పాయింట్ల గ్రాఫ్ కాస్త పైకి లేస్తుంది, అంతే.

ఊదారంగు_చొక్కా
తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండో పేరానే నా వాదనకు బలం. గేమ్ ఏమీ ఇవ్వలేదు కాబట్టే మనం ఇచ్చాం. పేరు ఒకటి, ముఖం ఒకటి, దెబ్బలు మాత్రం బోలెడు. మిగతాదంతా ఆడినవాళ్లు నింపుకున్నారు. 2018లో స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ (నింటెండో పాత్రలు ఒకరితో ఒకరు కొట్టుకునే గేమ్, మనం చేసుకున్న బొమ్మనూ దింపొచ్చు) వచ్చినప్పుడు ఎంతమంది కూర్చుని గడ్డం, ఊదారంగు చొక్కా పెట్టి మ్యాట్‌ని చేతితో తయారుచేసుకున్నారో చూడు. కథ రాసి ఇచ్చిన పాత్రల్లో ఇంత ప్రేమ ఎన్నింటికి దక్కింది?

రెండో_రిమోట్
నేను డాలస్ నుంచి. మా ఇంట్లో వీ 2008లో వచ్చింది. అప్పట్లో ఇక్కడ తెలుగు వాళ్ల పాట్‌లక్ అంటే పెద్దవాళ్లు వంటగదిలో, పిల్లలు హాల్లో టీవీ ముందు. చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను: వీ రిమోట్ లోపల చిన్న మెమరీ ఉంటుంది, వీలో కళ్లూ ముక్కూ జుట్టూ ఎంచి మనమే చేసుకునే బొమ్మల్ని (Mii అంటారు) 10 దాకా అందులో దాచుకోవచ్చు. మా పిల్లలు ఎవరింటికి వెళ్లినా రిమోట్ జేబులో పెట్టుకుని బయల్దేరేవాళ్లు. అక్కడ కలిపితే వీళ్ల బొమ్మలు ఆ ఇంటి టీవీలో దిగేవి.

మా పెద్దవాడికి మ్యాట్‌ని తీసుకెళ్లాలని కోరిక. ఎంత వెతికినా కన్సోల్‌లో బొమ్మలు చేసుకునే ఛానెల్‌లో దొరకడు. మనం చేసుకున్నవాళ్లు కన్సోల్‌లో ఉంటారు, ఛానెల్లో తిరుగుతూ కనిపిస్తారు, పట్టుకుని రిమోట్లో వేసుకోవచ్చు. మ్యాట్ లాంటివాళ్లు గేమ్ డిస్క్ మీదే ఉంటారు. ఛానెల్లో కనిపించరు, మార్చలేం, కాపీ చేయలేం. కాబట్టి నైజాం_గేమర్ గారూ, మీ నిచ్చెన సంగతి ఒప్పుకుంటాను గానీ, ఆట బయట అతను కచ్చితంగా దాగి ఉన్నవాడే. చివరికి మావాడు అద్దంలో ముఖం చూసుకున్నంత శ్రద్ధగా మ్యాచ్ ఆపి, టీవీ దగ్గరికెళ్లి, కనుబొమలు ఏ నంబరు, గడ్డం ఏ నంబరు అని పోల్చి పోల్చి సొంత మ్యాట్‌ని చేసుకున్నాడు. అది బేస్‌బాల్‌లో మా జట్టు తరఫున ఆడేది. మన ఛానెల్లోని బొమ్మల్నే కదా ఆ ఆటలో జట్టుగా దింపుతుంది.

అదే జట్టులో ఆరు నెలల వీసా మీద వచ్చిన మా మామగారి బొమ్మ కూడా ఉండేది, నెరిసిన మీసంతో. ఆయన ఇండియా వెళ్లిపోయాక కూడా ఆ బొమ్మ ఫీల్డింగ్ చేస్తూనే ఉండేది.

పంచ్_పాండు
రెండో_రిమోట్ అక్కా, ఆఖరి లైన్ దగ్గర ఆగిపోయాను. థాంక్స్.

దాగి ఉన్న ప్రత్యర్థి అని పేరు పెట్టాక పంచ్ అవుట్ ప్రస్తావన లేకపోతే ఎలా? అది నింటెండో బాక్సింగ్ గేమ్. వీ కోసమే 2009లో వచ్చిన పంచ్ అవుట్‌లో, ఛాంపియన్ అయ్యాక బెల్టు కాపాడుకునే టైటిల్ డిఫెన్స్ కూడా ముగించాక మ్యాక్స్ లాస్ట్ స్టాండ్ అని ఒక మోడ్ తెరుచుకుంటుంది. ప్రత్యర్థులు ఏ వరసలో వస్తారో చెప్పలేం. మూడు సార్లు ఓడితే కెరీర్ ముగిసినట్టే. ఆ మోడ్‌లో ఉన్నట్టుండి డాంకీ కాంగ్ రింగులోకి దిగుతాడు! గొరిల్లా, బాక్సింగ్ గ్లవ్స్‌తో. అంతకుముందు గేమ్ మొత్తంలో ఎదురుపడడు. ఇది అసలైన దాచిపెట్టడం. ఎప్పుడు వస్తాడో తెలియదు, వచ్చాడంటే గుండె గుభేల్‌మంటుంది.

ఇంకోటి. 1994 నాటి సూపర్ పంచ్ అవుట్‌లో రెండో కంట్రోలర్ బటన్లు పట్టుకుంటే నచ్చిన ప్రత్యర్థిని నేరుగా ఎంచుకునే దారి ఉంది, ఇద్దరు మనుషులు ఆడుకునే దారి కూడా ఉంది. ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 2022లో. 28 ఏళ్లు ఆ కార్ట్రిడ్జ్‌లోనే మగ్గింది. అన్నేళ్లు ఎవరూ కనిపెట్టలేదంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

నైజాం_గేమర్
పాండు చెప్పినవి రెండూ నేననే లెక్కకు సరిగ్గా సరిపోతాయి. తయారుచేసినవాళ్లు కావాలని దాచారు. మ్యాట్‌ని ఎవరూ దాచలేదు, అతని దాకా ఎక్కువమంది వెళ్లలేదు. 8 కోట్ల మందిలో చాలామంది నాలుగు గేములు బౌలింగ్ ఆడి, చుట్టాలు వచ్చినప్పుడు టెన్నిస్ ఆడి పక్కన పెట్టేసినవాళ్లే.

గోదావరి_గోల్ఫర్
దాచిపెట్టడం గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఇదొక్కటి చెప్పి వెళ్తాను, కాస్త పక్కదారి అయినా సరే. వీ స్పోర్ట్స్‌లోని 9 గోల్ఫ్ హోల్స్ కొత్తవి కావు. 1984లో నింటెండో పాత కన్సోల్ ఫ్యామికామ్ కోసం వచ్చిన గోల్ఫ్ గేమ్ మైదానాలనే త్రీడీలోకి మార్చారు. ఆ పాత గేమ్‌కు ప్రోగ్రాం రాసింది సతోరు ఇవాతా. వీ వచ్చేనాటికి ఆయనే నింటెండో అధ్యక్షుడు.

2015 జులై 11న ఆయన కన్నుమూశారు. 2017లో నింటెండో స్విచ్ కన్సోల్ వచ్చాక కొందరు కనిపెట్టిన విషయం: కన్సోల్ తేదీ జులై 11 అయి ఉండి, దాని రెండు చిన్న కంట్రోలర్లు (జాయ్‌కాన్లు) పట్టుకుని, ఆయన వీడియోల్లో రెండు చేతులూ ముందుకు చాపి చూపించే సైగ చేస్తే, ఆ 1984 గోల్ఫ్ గేమ్ తెరుచుకునేది. తర్వాతి సిస్టం అప్‌డేట్‌లో తీసేశారు. ఎందుకు తీశారోగానీ నాకు మాత్రం బాధేసింది.

కొత్త_చేరిక
అందరికీ హాయ్, నేను ఇంటర్ చదువుతున్నాను. మా అన్నయ్య పాత వీ మొన్న అటక మీంచి దించాం. అమెరికా మెషీన్ కాబట్టి దాని అడాప్టర్ 120 వోల్టులదే, ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెట్టకూడదని అన్నయ్య ముందే హెచ్చరించి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చాడు. ఇప్పుడు బాగానే నడుస్తోంది. ప్రో అయ్యాను, మ్యాట్ వచ్చాడు, చితక్కొడుతున్నాడు. ఎంత వేగంగా గుద్దినా నా బొమ్మ చేతులు ఎటో పోతాయి. నాకు అర్థంకానిది ఒకటే, కంప్యూటర్ తనవాణ్ని గెలిపించుకోడానికి మన గుద్దులు లెక్కపెట్టకుండా వదిలేస్తుందా? టెన్షన్‌గా ఉంది, పాయింట్లన్నీ పోతున్నాయి.

నైజాం_గేమర్
చెల్లీ లేదా తమ్ముడూ, ఎవరైనా సరే, టెన్షన్ వద్దు. అతను మోసం చేయట్లేదు. నీ చేతిలోని రిమోట్ ఏం చూడగలదో తెలిస్తే సగం సమస్య తీరిపోతుంది.

మొదటి వీ రిమోట్‌లో ఉండేది యాక్సిలరోమీటర్. రెండో చేత్తో పట్టుకునే నంచక్‌లో ఇంకొకటి. అది కదలికలోని కుదుపును, నిలకడగా పట్టుకున్నప్పుడు వాలును గుర్తిస్తుంది. నీ చెయ్యి గదిలో ఎక్కడుందో దానికి తెలియదు. టీవీ మీద పెట్టే సెన్సర్ బార్‌కు బాక్సింగ్‌తో పని లేదు, అది తెర మీది చెయ్యి గుర్తును కదపడానికే. దాంట్లో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మాత్రమే. బార్ పాడైతే రెండు కొవ్వొత్తులు పెట్టుకుని పని కానిచ్చినవాళ్లున్నారు.

కాబట్టి నువ్వు టపటపా గుద్దితే ఏమవుతుందంటే, చెయ్యి ముందుకు వెళ్లిన కుదుపూ వెనక్కి లాగిన కుదుపూ కలిసిపోతాయి. ఏది గుద్దో ఏది కాదో గేమ్ తేల్చుకోలేదు. బొమ్మ చేతులు తికమకగా ఊగుతాయి. ఒక గుద్దు. చెయ్యి వెనక్కి తెచ్చి ముఖం ముందు నిలబెట్టు. బొమ్మ గార్డ్‌లోకి వచ్చిందని తెర మీద చూడు. అప్పుడు ఇంకో గుద్దు. చూసేవాళ్లకు చాలా నెమ్మదిగా ఆడుతున్నట్టు ఉంటుంది, అదే సరైన వేగం.

ఊదారంగు_చొక్కా
ఇందులో నేనూ రెండు ముక్కలు కలుపుతాను. మ్యాట్ చేతులు చూడు, ముఖం చూడకు. గ్లవ్స్ ముఖానికి అడ్డంగా లేపితే పొట్ట ఖాళీ. కిందికి దించితే ముఖం ఖాళీ. రిమోట్ కొసను పైకి వాల్చి గుద్దితే పైకి, కిందికి వాల్చి గుద్దితే కిందికి పోతుంది. రెండు చేతుల్నీ కలిపి పక్కకు వాల్చితే నీ బొమ్మ కూడా పక్కకు వాలుతుంది. అతని గుద్దు గాలిలోకి పోయిన ఆ క్షణంలో అతని చెయ్యి ఇంకా ముందే ఉంటుంది. కొట్టాల్సింది అప్పుడే, రెండు గుద్దులు చాలు, మూడోదానికి ఆశపడకు.

చిన్న బొమ్మలతో ఆడినన్నాళ్లూ ఈ అవసరం రాదు. గబగబా గుద్దుతూ పోయినా గెలుస్తాం. ఆ అలవాటును మ్యాట్ ఒక్క రౌండులో వదిలిస్తాడు. బాక్సింగ్ అంటే చూడటం అని ఆ గేమ్‌లో నేర్పేది అతనొక్కడే. అతని మీద నాకున్న గౌరవం ఇక్కడే మొదలైంది.

రెండో_రిమోట్
రిమోట్ పట్టీ మణికట్టుకు వేసుకోమని కూడా చెప్పండి! 2006 డిసెంబర్‌లో ఆ పట్టీలు తెగిపోతున్నాయని నింటెండో 32 లక్షల దాకా మందపాటివి మార్చి ఇచ్చింది. ఆ తర్వాత సిలికాన్ తొడుగులు కూడా ఇచ్చారు. మ్యాట్ మీద కోపం టీవీ మీద తీరకూడదు.

పంచ్_పాండు
టెన్నిస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడ మ్యాట్ స్థానంలో ఎలీసా, సేరా జంట ఉంటుంది. మన బొమ్మ పరుగు మన చేతిలో ఉండదు, కొట్టే సమయం ఒక్కటే మనది. అలాంటి ఆటలో వాళ్లిద్దరూ ఒక్క బంతి వదలరు. సర్వీస్‌లో బంతి గాల్లో ఎత్తైన చోటుకు చేరినప్పుడు కొడితే దూసుకుపోతుంది, వాళ్ల మీద పాయింటు తెచ్చిపెట్టేది ఎక్కువగా అదే. కానీ వాళ్లెవరికీ మ్యాట్‌కి వచ్చిన పేరు రాలేదు. ఎందుకంటారు?

ఊదారంగు_చొక్కా
నేను చాలాసార్లు ఆలోచించాను పాండూ. టెన్నిస్‌లో ప్రత్యర్థి కోర్టు అవతల చీమంత కనిపిస్తాడు. గోల్ఫ్, బౌలింగ్‌లో అసలు ఒంటరి ఆటే. బాక్సింగ్‌లో మాత్రం తెర నిండా అతని ముఖమే. మన బొమ్మను వెనక నుంచి పారదర్శకంగా చూపించి, అతన్ని ఎదురుగా నిలబెడతారు. కళ్లలోకి చూస్తూ దెబ్బలు తినాలి. పరిచయం కాకుండా ఎలా ఉంటుంది?

రెండో కారణం వీ స్పోర్ట్స్ రిసార్ట్. 2009లో వూహూ ద్వీపం మీద 12 ఆటలతో వచ్చింది. బాక్సింగ్ తీసేశారు. బాక్సింగే లేదు కాబట్టి మ్యాట్ కథ అయిపోయిందనుకున్నాం. కత్తియుద్ధంలో ప్రో అయ్యి పైకి పోతుంటే, అక్కడ ఛాంపియన్ ఎవరు? మళ్లీ అతనే! ఇది యాదృచ్ఛికం కాదు. తయారుచేసినవాళ్లు కావాలనే అతన్ని ఆ గద్దె మీద కూర్చోబెట్టారు. టేబుల్ టెన్నిస్‌కి లూసియాని, బాస్కెట్‌బాల్‌కి టామీని ఎంచుకున్నారు, ముఖాముఖి పోరుకు మాత్రం పాతవాణ్నే తెచ్చారు. నైజాం_గేమర్ తమ్ముడూ, అతను నిచ్చెన మీద ఒక మెట్టు మాత్రమే అయితే రెండో గేమ్‌లో అదే మనిషి ఎందుకు రావాలి?

నైజాం_గేమర్
ఈ పాయింటుకు జవాబు లేదు అన్నా. రిసార్ట్ విషయంలో ఒప్పుకుంటున్నాను, అక్కడ అతన్ని పాత్రగానే చూశారు. మొదటి గేమ్ మటుకు నా మాట మీదే ఉంటాను.

ఒకటి మాత్రం ఆలోచించదగ్గది. వీ స్పోర్ట్స్ తొలి నమూనాల్లో మారియో పాత్రలనే పెట్టి చూశారు. ఆడి చూసినవాళ్లకు సాదా బొమ్మలే నచ్చాయి. మారియో ముఖంతో ఉంటే మ్యాట్ పుట్టేవాడే కాదు. మారియోను ఓడిస్తే మారియోను ఓడించినట్టు. మ్యాట్‌ని ఓడిస్తే పక్కవీధి మొనగాణ్ని ఓడించినట్టు ఉంటుంది. మారియోను సృష్టించిన మియమోతోకి ఈ బొమ్మల ఆలోచన ఫ్యామికామ్ రోజుల నుంచే ఉందట, జపాన్ కొకేషి చెక్కబొమ్మలు చూసి. అన్నేళ్లు పట్టుకుని ఉన్నాడు చూడండి, దానికి దండం పెట్టాలి.

కొత్త_చేరిక
నైజాం అన్నా, నేను చెల్లినే 🙂 మీరు చెప్పినట్టు నెమ్మదిగా ఆడాను. మొదటి రౌండులోనే ఒకసారి పడగొట్టాను! తర్వాత పాయింట్ల మీద ఓడిపోయాను గానీ, ఇప్పుడు చేతులు నా మాట వింటున్నాయి.

మా ఫ్రెండ్ దగ్గర స్విచ్ స్పోర్ట్స్ ఉంది, 2022ది. అందులో కొత్త రకం బొమ్మలు, కాళ్లూ చేతులూ, రకరకాల హెయిర్‌స్టైల్స్. పాత బొమ్మ ముఖం కూడా పెట్టుకోవచ్చు. కంప్యూటర్ ఎంత గట్టిగా ఆడాలో మనమే ముందుగా ఎంచుకోవాలి. బాగుంది, అందంగా ఉంది. కానీ వీలో తర్వాత ఎవరొస్తారో తెలియకుండా ఆడటం నాకు ఎక్కువ నచ్చింది.

ఊదారంగు_చొక్కా
చెల్లెమ్మా, నేను ఈ థ్రెడ్ తెరిచిందే ఆ చివరి వాక్యం కోసం. ప్రత్యర్థుల కష్టాన్ని ముందే మెనూలో పెట్టి, ఏది కావాలో ఎంచుకోమంటే మనం మన స్థాయిని ముందే తేల్చేసుకుంటాం. మ్యాట్ దాకా వెళ్లినవాళ్లలో చాలామందికి అక్కడికి వెళ్తున్నామని తెలియదు. ఇంకో మ్యాచ్, ఇంకో మ్యాచ్ అంటూ వెళ్లారు. ఆ పద్ధతిని ఇవాళ్టి గేముల్లో వెనక్కి తేవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మోడరేటర్
థ్రెడ్ చక్కగా సాగుతోంది, సంతోషం. ఒక్క మనవి. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌ను వీలా నడిపించే ప్రోగ్రాం) మీద నిజమైన వీ రిమోట్ కలిపి ఆడటం గురించి మాట్లాడుకోవచ్చు. గేమ్ ఫైళ్ల లింకులు అడగొద్దు, పెట్టొద్దు. ఇప్పటికే రెండు తీసేశాను.

రెండో_రిమోట్
మా పెద్దవాడు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఈ థ్రెడ్ పంపిస్తే రిసార్ట్ కత్తియుద్ధం గురించి రాయమని వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాడి మాటల్లోనే: మ్యాట్ కత్తి ఎటు పట్టుకున్నాడో చూసి అదే దిశలో కొట్టాలి. అతని కత్తి నిలువుగా ఉంటే నువ్వూ నిలువుగా, అడ్డంగా ఉంటే అడ్డంగా. అడ్డు తగిలేలా కొడితే నీ కత్తి ఎగిరి, నువ్వు కాసేపు బిగుసుకుపోతావు, ఈలోగా అతను నిన్ను నీళ్లలోకి తోసేస్తాడు. బి బటన్ పట్టుకుంటే నీకు గార్డ్ వస్తుంది, అతను కొట్టి నీ గార్డ్‌కు తగిలి తూలినప్పుడు నీ వంతు. రిసార్ట్‌కి మోషన్‌ప్లస్ (రిమోట్‌కు తగిలించే ముక్క) తప్పనిసరి, అందులో గైరోస్కోప్ ఉంటుంది కాబట్టి కత్తి తిప్పిన కోణం సరిగ్గా తెలుస్తుంది. బాక్సింగ్‌లో పడ్డ ఇబ్బంది ఇక్కడ ఉండదు. అప్పుడప్పుడూ కోణం పక్కకు జరిగితే ఆపి సరిచేసుకోవాలి.

కొత్త_చేరిక
థాంక్యూ ఆంటీ, అన్నయ్యకు కూడా థాంక్స్ చెప్పండి. అటక మీద రిసార్ట్ డిస్క్ ఉంది, మోషన్‌ప్లస్ ముక్క ఎక్కడుందో వెతకాలి. ముందు బాక్సింగ్‌లో గెలిచి వస్తాను.

పంచ్_పాండు
గెలిచాక స్క్రీన్ ఫోటో పెట్టు చెల్లీ, పాయింట్ల గ్రాఫ్ కనిపించేలా. నేను లూసియా మీద వేరే థ్రెడ్ తెరుస్తున్నాను, టేబుల్ టెన్నిస్‌లో ఆమె స్పిన్‌ను తట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడికి రండి.